నడుం వంచమని చెప్పేవాళ్ళకు

నిరుడు దసరా ముందు మా అమ్మ ఇంటికి ఒక రోబో వాక్యూమ్ కొనిచ్చాను. అమ్మకు 68 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి, గొంతుక్కూర్చోవద్దు, నేల మీద కూర్చుని లేచే పనులు పూర్తిగా మానెయ్యండి అని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ అమ్మ రోజూ తడిగుడ్డ పెడుతూనే ఉంది. పండక్కి వచ్చిన చుట్టాల్లో పిల్లలు మిషన్ వెనకాల తిరిగారు. పెద్దవాళ్ళు మాత్రం దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: "ఇల్లు ఊడ్చుకోడానికి కూడా మిషనా?" మా పెదనాన్నగారు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, "మన పెద్దవాళ్ళు నడుం వంచి పని చేశారు కాబట్టే ఏ రోగమూ లేకుండా బతికారమ్మా. ఇవన్నీ వచ్చాకే మోకాళ్ళ నొప్పులు వచ్చాయి" అన్నారు. అమ్మ అప్పుడే ఆయనకు కాఫీ ఇచ్చి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్తోంది. ఆ మోకాళ్ళు అరిగింది మిషన్ రాకముందే అన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. పండగపూట పెద్దాయనతో వాదన ఎందుకని ఊరుకున్నాను. అప్పుడు చెప్పలేకపోయినదే ఇప్పుడు రాస్తున్నాను.

ఇది ఆయనొక్కరి అభిప్రాయమైతే ఇంత రాయనక్కర్లేదు. ఊడవడం, తుడవడం ఆడవాళ్ళకు మంచి వ్యాయామం, అది మానేసి మిషన్లు కొనడం బద్ధకం అనే మాట పెళ్ళిళ్ళలో వింటాం, ఆరోగ్య చిట్కాల్లో చదువుతాం, వాట్సాప్‌లో పొద్దున్నే అందుకుంటాం. ఆడపిల్లల్ని ఇంజనీర్లను చేసి అమెరికా పంపినవాళ్ళు కూడా ఈ మాట అంటారు. దానికి తోడు పనిమనిషి పొట్ట కొడుతున్నారని కొందరు, అసలు మన ఇళ్ళకు అది పనికిరాదని ఇంకొందరు. వినడానికి ఇవన్నీ వేరువేరు మాటలు. వీటి అడుగున ఉన్న నమ్మకం మాత్రం ఒకటేనని నాకు అనిపిస్తుంది. ఇంట్లో ఆడమనిషి చేసే శ్రమకు ఖర్చు లేదు, ఆమె ఒళ్ళు అరిగితే అది ఏ నష్టాల పద్దులోకీ రాదు అన్నదే ఆ నమ్మకం.

వ్యాయామం సంగతి ముందు చూద్దాం. మన చీపురును ఒకసారి చేతిలోకి తీసుకోండి. కొబ్బరి ఈనెల చీపురుకు పిడే ఉండదు. పూల చీపురుకు ఉన్నది కాస్తంత పిడి. దాన్ని పట్టుకుని నేలను అందుకోవాలంటే ఒళ్ళు నడుం దగ్గర మడవాలి. పన్నెండు వందల చదరపు అడుగుల ఫ్లాటంతా అలా మడిచిన ఒంటితోనే తిరగాలి. మంచాల కింద చెయ్యి చాపాలి, లేచే దుమ్ముకు మొహం పక్కకు తిప్పుకోవాలి, చివరికి చేటలోకి ఎత్తడానికి ఇంకా కిందికి వంగాలి. తరవాత తడిగుడ్డ. బకెట్ పక్కన పెట్టుకుని, గొంతుక్కూర్చుని, వెనక్కి జరుగుతూ, కుడిచెయ్యి చాపి అటూ ఇటూ తుడుచుకుంటూ పోవాలి. ప్రతి రెండడుగులకూ బకెట్ జరపాలి, గుడ్డ పిండాలి. పిండే మణికట్టూ అదే, తుడిచే మణికట్టూ అదే.

స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సన్నటి సూది పంపి అక్కడి ఒత్తిడిని కొలిచాడు. నిటారుగా నిలబడినప్పుడు ఉండే ఒత్తిడి 100 అనుకుంటే, ముందుకు వంగి నిలబడినప్పుడు 150 దాకా పెరిగింది. వంగి చేతుల్లో బరువు పట్టుకుంటే 200 దాటింది. ఒళ్ళు వంగకూడదని దీని అర్థం కాదు. వంగిన ఒంటికి ఎంత బరువు పడుతుందో తెలుసుకుని మాట్లాడమని అర్థం. ఇంకో సంగతి. మోకాలి చిప్ప ముందుండే నీటి తిత్తి వాచిపోయే జబ్బుకు ఇంగ్లీషు వైద్యంలో ఒక వాడుక పేరుంది: హౌస్‌మెయిడ్స్ నీ. పనిమనిషి మోకాలు అన్నమాట. మోకాళ్ళ మీద వంగి నేలలు రుద్దిన ఆడవాళ్ళలో పదేపదే కనిపించడం వల్ల వచ్చిన పేరు. మనం వ్యాయామం అంటున్న పని పేరుతో వైద్యుల దగ్గర ఒక జబ్బు ఉంది.

వ్యాయామం చేసేవాళ్ళకు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తమ చేతిలో ఉంటుంది. నొప్పి పుడితే ఆపుతారు. కుడి పక్క చేసింది ఎడమ పక్కా చేస్తారు. మెల్లగా పెంచుకుంటూ పోతారు, మధ్యలో ఒంటికి విశ్రాంతి ఇస్తారు, జ్వరం వస్తే మానేస్తారు. ఊడవడంలో ఇందులో ఒక్కటైనా ఉందేమో చూపించండి. నెలసరిలో నడుం లాగుతున్నా, కాన్పయి మూడు నెలలే అయినా, 60 దాటినా ఇల్లు అంతే ఉంటుంది, చెత్తా అంతే ఉంటుంది. ఎండు చీపురు దుమ్మును కొంత పోగుచేసి కొంత గాల్లోకి లేపుతుంది. ఆ గాలిని మొదట పీల్చేది దాని మీదికి వంగి ఉన్న మనిషే. ఉబ్బసం ఉన్న ఆడవాళ్ళు ముక్కుకు కొంగు కట్టుకుని ఊడవడం మనలో చూడనివాళ్ళు ఉండరు.

ఇది నిజంగా అంత గొప్ప వ్యాయామమైతే, షుగరు వచ్చిన మగవాడికి డాక్టరు రోజూ అరగంట ఒళ్ళు కదపమన్నప్పుడు ఇంట్లో చీపురు ఎందుకు గుర్తుకు రాదు? బూట్లు కొనుక్కుని పార్కుకు వెళ్తారు. వెళ్ళమనే నేనూ అంటాను, నడక మంచిది. ఆ మంచి ఆమెకు కూడా అవసరం కదా! రోజుకు గంట ఊడ్చి తుడిచిన మనిషికి నడవడానికి గంటా మిగలదు, ఓపికా మిగలదు. వ్యాయామం పేరు చెప్పి ఆమెకు అసలు వ్యాయామమే లేకుండా చేశాం.

పాతకాలం ఆడవాళ్ళకు రోగాలు లేవంటారు. మా అమ్మమ్మ చివరి పన్నెండేళ్ళు నిటారుగా నిలబడలేదు. వీధిలో నడుస్తుంటే ఆమె మొహం నేలకేసే ఉండేది. ఎవరైనా పలకరిస్తే తల పక్కకు తిప్పి కంటి చివర నుంచి చూసేది. ఎముకలు గుల్లబారడం కూడా దానికి కారణమే, అంతా చీపురే చేసిందని నేను అనను. కానీ నడుం నొప్పి అని ఆమెను ఒక్కసారి కూడా ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. అందుకే ఆమె పేరు మీద ఏ రోగమూ ఎక్కడా రాసిలేదు. ఏ రోగమూ లేకుండా బతికారని పెదనాన్నగారు చెబుతున్నది ఇలాంటి మనుషుల గురించే. అమ్మమ్మ ఆయనకు పిన్నత్త వరస.

ఇక బద్ధకం అన్న మాట. మోట కొట్టడం మాని మోటారు పెట్టుకున్న రైతును ఎవరూ బద్ధకస్తుడు అనలేదు. ట్రాక్టరు కొన్నవాడిని ఊరంతా మెచ్చుకుంది. వరికోత మిషన్ వస్తే గట్టు మీద నిలబడి చూశారు. అదే రోలు పక్కన పెట్టి మిక్సీ కొన్న ఇల్లాలికి మాత్రం రోటి పచ్చడి రుచి గురించి పాఠం చెప్పారు, ఒక్కరోజు కూడా పొత్రం పట్టి తిప్పనివాళ్ళు. గ్యాసు పొయ్యి వచ్చినప్పుడూ అంతే. దాని మీద వండింది తింటే కడుపులో గ్యాసు పుడుతుందని నమ్మినవాళ్ళు మా వీధిలోనే ఉండేవాళ్ళు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద పేద ఇళ్ళ ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. ఊదుగొట్టం ఊది ఊది కళ్ళు ఎర్రబడిన వాళ్ళు ఆ బండ కోసం వరసల్లో నిలబడ్డారు. పొగ రుచి పోయిందని వాళ్ళలో ఒక్కరూ బాధపడలేదు. పొలంలోకి వచ్చిన యంత్రం అభివృద్ధి, వంటింట్లోకి వచ్చిన యంత్రం బద్ధకం అని తీర్పు చెప్పేవాళ్ళు, అది ఎవరి నడుం నిలబెట్టడానికి వచ్చిందో చూసే ఆ తీర్పు చెబుతున్నారు.

కొందరు ఇక్కడ గాంధీజీని తెస్తారు. ఎవరి పని వాళ్ళు చేసుకోవాలని, శ్రమలోనే గౌరవం ఉందని ఆయన చెప్పలేదా అంటారు. చెప్పారు. చెప్పడమే కాదు, ఆశ్రమంలో పాయిఖానాలు శుభ్రం చెయ్యడానికి కూడా అందరికీ వంతులు పెట్టారు, తానూ ఆ పని చేశారు. ఆ పద్ధతి మన ఇంట్లో పెడదామంటే నేను ఈ క్షణమే మిషన్ వదులుకుంటాను. తాతగారికి ఒక రోజు, నాన్నకు ఒక రోజు, కొడుక్కి ఒక రోజు, అల్లుడొస్తే అల్లుడికి ఒక రోజు. అలా కాకుండా, గాంధీజీ మాట చెప్పి చీపురు ఆమె చేతికే ఇస్తామంటే అది ఆయన మాటే కాదు. అంతేకాదు, యంత్రాలను అంత అనుమానంగా చూసిన గాంధీజీయే 1924లో యంగ్ ఇండియాలో అచ్చయిన ఒక సంభాషణలో కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. చేత్తో కుట్టి కుట్టి అలసిపోతున్న భార్యను చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని, లోకంలో కనిపెట్టిన పనికొచ్చే కొద్ది వస్తువుల్లో అదొకటని ఆయన భావం. సింగర్ కథ చరిత్రకు ఎంత దగ్గరో పక్కన పెడదాం. ఇంటి ఆడమనిషికి అనవసరమైన చాకిరీ తప్పించే యంత్రాన్ని ఆయన ఏ కొలతతో కొలిచారో అది చాలు నాకు.

డబ్బు దండగ అనేవాళ్ళకు ఎక్కువ చెప్పను. మామూలు రోబో పదిహేను, ఇరవై వేలకు వస్తోంది. ఖరీదైనవి లక్ష దాకా ఉన్నాయి, అవి అక్కర్లేదు. అది కూడా అందని ఇళ్ళు కోట్లలో ఉన్నాయని నాకు తెలుసు, వాళ్ళతో ఈ వాదన లేదు. యాభై అంగుళాల టీవీకి, రెండేళ్ళకొక కొత్త ఫోనుకు రాని ప్రశ్న దీనికి మాత్రమే ఎందుకు వస్తోందని, అవి కొన్నవాళ్ళనే అడుగుతున్నాను.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన అభ్యంతరం వేరే ఉంది. పనిమనిషి నోటి దగ్గర కూడు లాగేస్తున్నారు అనేది. హైదరాబాద్‌లో మా సొంత ఇంటికి రోబో వచ్చి రెండేళ్ళయింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొదటిరోజు దాన్ని చూసి అడిగిన మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది: "అమ్మా, జీతం తక్వ చేస్తరా?" మిషన్ బాగుందనలేదు, బాగాలేదనలేదు. ముందు అదే అడిగింది. ఆమె భయం నిజమైనది. రోబో కొన్నామని జీతంలో కోత పెట్టే ఇళ్ళు ఉంటాయి, నాకు తెలిసిన ఒకటి రెండు ఉన్నాయి కూడా.

కానీ ఆ పని ఆమె ఒంటికి ఎంత పడుతోందో ఒకసారి లెక్క వెయ్యండి. ఆవిడ రోజుకు ఆరు ఇళ్ళు చేస్తుంది. ఒక్కో ఇంటికి వెయ్యి చదరపు అడుగులే అనుకున్నా రోజుకు ఆరు వేలు. నెలకు ఆమెకు దొరికే సెలవు రెండు రోజులు. 28 రోజులకు 1,68,000 చదరపు అడుగులు. ఎకరానికి 43,560 చొప్పున దాదాపు నాలుగెకరాలు. మంచాలు, బీరువాలు ఉన్న చోటు తీసేసినా మూడెకరాలకు తగ్గదు. మూడెకరాలు ప్రతి నెలా నడుం వంచి ఒకసారి పొరకతో, గొంతుక్కూర్చుని ఇంకోసారి తడిగుడ్డతో. ఆమెకు 41 ఏళ్ళు. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కో మెట్టే దిగుతుంది. ఈ పనిని ఆమె కోసం కాపాడుతున్నామని చెప్పేవాళ్ళు ఆమె నడకను ఒకసారి చూడాలి.

మా ఇంట్లో జీతం తగ్గించలేదు. నేల పని తీసేశాం, గిన్నెలు, బట్టలు ఉన్నాయి. రోజూ మిగిలే అరగంటను ఆమె ఏం చేసుకుంటుందో నేను అడగలేదు, అది ఆమెది. ఇదేదో ఉదారత అని చెప్పడం లేదు. ఇన్నేళ్ళూ ఇచ్చిన జీతం ఆ పనులన్నిటికీ చాలా తక్కువ, ఇప్పుడు కాస్త దగ్గరికి వచ్చింది, అంతే. ఆమె కూడు మీద నిజంగా బెంగ ఉన్నవాళ్ళు చెయ్యగలిగిన పనులు చాలా ఉన్నాయి. 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల కోసం 189వ ఒడంబడిక చేసింది. వారానికి ఒకరోజు సెలవు, పని గంటలకు హద్దు, కనీస వేతనం ఆమె హక్కు అంటుంది అది. మన దేశం అప్పుడు దానికి అనుకూలంగా ఓటు వేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. ఆ వేతనం ఎంతో చెప్పగలిగిన ఇల్లు నేను అడిగినవాటిలో ఒక్కటీ లేదు. ఆమెకు వేరే గ్లాసు పెట్టి, లిఫ్ట్ ఎక్కొద్దని బోర్డు పెట్టి, పండగకు బోనస్ అడిగితే మొహం చిట్లించేవాళ్ళకు రోబోను చూడగానే ఆమె బతుకుతెరువు గుర్తొస్తోంది. ఆమెను కాపాడాల్సింది చట్టం, చేతికొచ్చే జీతం. చీపురు ఆమెను ఇప్పటిదాకా దేని నుంచీ కాపాడలేదు.

మన ఇళ్ళకు పనికిరాదు అనే మాటలో కొంత నిజం ఉంది. దాన్ని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. ఈ వస్తువు పుట్టింది మన ఇళ్ళ కోసం కాదు. స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ 2001లో ట్రైలోబైట్ పేరుతో, అమెరికా కంపెనీ ఐరోబోట్ 2002లో రూంబా పేరుతో అమ్మకానికి తెచ్చాయి. మొదటి రూంబాలు గోడకు గుద్దుకుని, తిరిగి, ఎటు పడితే అటు పోయేవి. ఇప్పటివాటిలో చాలావాటికి నెత్తి మీద ఒక బుడిపె ఉంటుంది. అందులోంచి లేజర్ చుట్టూ తిరుగుతూ గోడల దూరం కొలిచి గది పటం గీస్తుంది. అందుకే గది తరవాత గది వరసగా చేస్తుంది, ఛార్జింగ్ అయిపోతే తనంతట తానే దాని చోటికి వెళ్ళి, నిండాక వచ్చి వదిలిన చోట మొదలుపెడుతుంది. అడుగున ఉండే ఇన్‌ఫ్రారెడ్ కళ్ళు మెట్టు అంచు రాగానే వెనక్కి తిప్పుతాయి. నల్లటి పట్టా పరిస్తే దాన్ని గొయ్యి అనుకుని ఎక్కనివీ ఉన్నాయి.

గడప ఎక్కలేదు. రెండు సెంటీమీటర్లు దాటితే చాలావాటికి కష్టం. కొత్త అపార్ట్‌మెంట్లలో గడప వీధి తలుపుకూ పూజగదికీ మాత్రమే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అమ్మ ఇల్లు పాతది, ప్రతి గదికీ గడప ఉంది. మిషన్ గుండ్రంగా ఉంటుంది కనక మూలల్లో దుమ్ము మిగులుతుంది. పూజగదిలో వేసిన పిండి ముగ్గు మీదికి పోతే ఫిల్టరు మూసుకుపోతుంది. బాత్రూం ముందు నిలిచిన నీళ్ళ మీదికి పోనివ్వకూడదు. పోపు పెట్టినప్పుడు చిందిన నూనె జిడ్డును దాని తడిబట్ట తీయకపోగా పక్కకు పులుముతుంది. వంటిల్లు మనమే తుడవాలి, పొడుగు కర్ర మాప్‌తో, నిలబడి. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక అడుగుతాను, వారంలో ఏడు రోజులు వంగాల్సిన నడుం ఒక్క రోజే వంగితే అది చిన్న సంగతా? మంచాల కింద నాలుగంగుళాల ఎత్తులో దూరి, ఏ చీపురూ రోజూ పోని చోట దుమ్ము ఎత్తుకొస్తుంది. అమ్మ ఇంటి షాబాదు బండల అతుకుల్లో ఉన్న మట్టి మొదటి వారంలో రోజూ డబ్బా నిండా వచ్చింది. ఇల్లు అద్దంలా పెట్టుకునే మా అమ్మ అది చూసి చిన్నబుచ్చుకుంది. ఇన్నాళ్ళూ తాను సరిగ్గా చెయ్యలేదేమో అని ఆమె బాధ. 45 ఏళ్ళు ఆ నేలను తుడిచిన మనిషికి అలా అనిపించడం నాకు మిషన్ గురించి చెప్పగలిగిన ఏ మంచికన్నా బరువుగా తోచింది.

ఒక విషయంలో మాత్రం ఎదుటివాళ్ళ హెచ్చరికను వినాలి. కెమెరా ఉన్న రోబోలు వద్దు. ప్రయోగ దశలో ఉన్న కొన్ని రోబోలు ఇళ్ళలో తీసిన ఫొటోలు బయటికి పొక్కాయని, అందులో మరుగుదొడ్డిలో ఉన్న ఒక మహిళ ఫొటో కూడా ఉందని 2022లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ రాసింది. లేజర్‌తో మాత్రమే నడిచేది కొనండి, ఇంటి పటం ఫోనులో తప్ప ఎక్కడికి పోతుందో అడిగి కొనండి.

ఇక చివరి వాదన ఎదుటి పక్షం నుంచి కాదు, నా పక్షం నుంచే వచ్చేది, అన్నిటికన్నా బలమైనది. యంత్రాలు ఆడవాళ్ళ పనిని ఎప్పుడూ తగ్గించలేదని స్త్రీవాదులే చెప్పారు. అమెరికా సమాజశాస్త్రవేత్త జోఆన్ వానెక్ 1974లో లెక్కలు తీసి చూపింది. ఉద్యోగం లేని గృహిణి ఇంటిపనికి 1920లలో వారానికి 52 గంటలు పెడితే, వాషింగ్ మెషిన్లు, వాక్యూమ్ క్లీనర్లు ఇంటింటికీ వచ్చిన 1960లలో 55 గంటలు పెట్టింది. చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వచ్చిన తన పుస్తకం మోర్ వర్క్ ఫర్ మదర్‌లో దీనికి కారణం వివరించింది. వాక్యూమ్ క్లీనర్ రాకముందు తివాచీలను బయటికి మోసుకెళ్ళి దులపడంలో మగవాళ్ళకు, పిల్లలకు, పనివాళ్ళకు చెయ్యి ఉండేది. మిషన్ వచ్చాక ఆ పని సులువైంది, సులువైంది కాబట్టి అది పూర్తిగా అమ్మ పని అయింది. ఏడాదికోసారి దులిపేది వారానికోసారి చెయ్యాల్సి వచ్చింది.

ఈ మాటను నేను తోసిపుచ్చలేను, తోసిపుచ్చను కూడా. దీని నుంచి మిషన్ కొనొద్దని తేలదు. మిషన్‌తో వచ్చే పనులు ఎవరివో మొదటిరోజే తేల్చుకోవాలని తేలుతుంది. ఎందుకంటే పని ఉంది. డబ్బా ఖాళీ చెయ్యాలి. బ్రష్‌కు చుట్టుకున్న జుట్టు కత్తెరతో కోసి తియ్యాలి. ఫిల్టరు కడిగి ఒక రోజంతా ఆరనివ్వాలి. తడిబట్ట రోజూ ఉతకాలి, లేకపోతే ఇల్లంతా ముక్కవాసన. మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో భర్త ఆన్‌లైన్‌లో చూసి కొంటాడు, ఫోనులో యాప్ పెడతాడు, "నీ పని తప్పించాను కదా" అంటాడు. జుట్టు కోసేది, బట్ట ఉతికేది ఆమే. మన జాతీయ గణాంక సంస్థ 2019లో జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. సొంత ఇంటి చాకిరీ చేస్తున్న ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు, చేస్తున్న మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది. 2024లో మళ్ళీ సర్వే చేస్తే ఆడవాళ్ళవి 289, మగవాళ్ళవి 88 నిమిషాలు అయ్యాయి. ఐదేళ్ళలో ఆమెకు తగ్గింది పది నిమిషాలు. అతనికీ దాదాపు అంతే తగ్గింది.

అయినా నేను ఈ మిషన్ వైపు ఎందుకు నిలబడుతున్నానంటే, అది తీసే దుమ్ముకన్నా పెద్ద సంగతి ఒకటి అమ్మ ఇంట్లో నా కళ్ళముందు జరిగింది. రోబో పని చెయ్యాలంటే నేల ఖాళీగా ఉండాలి. ఛార్జరు తీగ ఉంటే చుట్టేసుకుంటుంది. సాక్సు ఉంటే బ్రష్‌లోకి లాక్కుని ఆగిపోయి, వచ్చి తీసేదాకా కూత పెడుతుంది. పేపరు పరిచి ఉంటే నలిపేస్తుంది. మనిషిలా సర్దుకుపోదు. అమ్మ సర్దుకుపోయింది. 45 ఏళ్ళ పాటు ఊడవడానికి ముందు ఎవరి చెప్పులు వాళ్ళ చోట పెట్టింది, నాన్న చదివి వదిలిన పేపరు మడిచింది, మా పుస్తకాలు ఎత్తింది, మంచం కిందకి తన్నేసిన లుంగీ తీసింది. ఆ పనికి పేరు లేదు, సర్వేలో గడి లేదు. మేము ఎవ్వరమూ దాన్ని చూడలేదు, నాతో సహా.

మిషన్ వచ్చిన పదిరోజులకే నాన్న మారారు. 73 ఏళ్ళ మనిషి పొద్దున ఏడుకల్లా తన చెప్పులు స్టాండులో పెట్టి, పేపర్లు బల్ల మీదికి ఎత్తి, ఫోను తీగ చుట్టి మేకుకు తగిలించడం నేర్చుకున్నారు. గది అయిపోగానే ఆయనే మిషన్ని రెండు చేతులా ఎత్తి గడప దాటించి పక్క గదిలో దింపుతారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. అమ్మ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాన్న మిషన్ని వెల్లకిలా తిప్పి బ్రష్‌లోంచి జుట్టు లాగుతున్నారు. చాలాసేపు చూసి అమ్మ అడిగింది, గొంతులో నిష్ఠూరం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు: "దీనికి అడ్డమని అన్నీ తీస్తున్నారు కదా, మరి నాకు అడ్డమనిపించలేదా ఇన్నాళ్ళూ?"

నాన్న కత్తెర కింద పెట్టారు. ఏమీ అనలేదు. కాసేపటికి లేచి, ఖాళీ చెయ్యాల్సిన డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు.